బానెట్ కింది బ్రహ్మలు

ఆదివారం పొద్దున తెనాలిలో రెండు రకాల మూతలు లేస్తాయి. ఒకటి ఇడ్లీ పాత్రది, రెండోది కారు బానెట్‌ది. మొదటి దాన్లోంచి తీసింది తినొచ్చు. రెండో దాన్లోంచి తీసింది మధ్యాహ్నానికి పాత పేపరు మీద వరసగా పరిచి ఉంటుంది. సాయంత్రానికి ఆ వరస చెదిరిపోతుంది. చీకటి పడ్డాక, అన్నీ బిగించేశామన్న తృప్తితో పేపరు మడుస్తుంటే అందులోంచి ఒక బోల్టు టింగుమని రాలుతుంది. ఇంటాయన దాన్ని లైటు కిందికి పట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కంపెనీవాడు ఎక్స్‌ట్రా ఇచ్చిందిలే" అని జేబులో వేసుకుంటాడు.

మన దేశంలో ఏ కంపెనీ అయినా కారుతోపాటు ఒక్క బోల్టు ఊరికే ఇచ్చిందని నేనెక్కడా వినలేదు. అద్దం కడిగే నీళ్లకు కూడా బిల్లు రాసే మనుషులు వాళ్లు.

సొంత కారును సొంత చేతులతో బాగుచేసుకునే ఈ వీరులు తెనాలి నుంచి రేపల్లె దాకా, ఇటు పొన్నూరు మీదుగా బాపట్ల దాకా వీధికి ఇద్దరు చొప్పున తయారయ్యారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి తెనాలి గుంటూరులో మిగిలింది, రేపల్లె బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ, ఈ ఒక్క విద్యలో మూడు ఊళ్లదీ ఉమ్మడి కాపురమే. గురువు ఫోన్లో ఉంటాడు. ఆయన పది నిమిషాల వీడియోలో చిరునవ్వు చెదరకుండా, చొక్కా నలగకుండా పని ముగిస్తాడు. ఆ కారుకు స్టీరింగ్ ఎడమవైపు ఉందన్న సంగతి మన శిష్యుడు గమనించేది అన్నీ విప్పేశాకే.

ఇక సోమవారం. ఆఫీసు బట్టల్లో వచ్చి తాళం తిప్పుతాడు. సెల్ఫ్ తీసుకుంటుంది. కర్ర్... కర్ర్... మూడోసారికి ఇంజన్ అంటుకుంటుంది గానీ, తెల్లవారుజామున అరుగు మీద తాతయ్య దగ్గినట్టు నాలుగు దగ్గులు దగ్గి, ఒళ్లంతా వణికించి ఆగిపోతుంది. మళ్లీ తిప్పితే నిలబడుతుంది, మిస్సింగ్ కొడుతుంది. డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ పసుపు పచ్చగా వెలుగుతుంది. రేస్ ఇస్తే పొగ, వదిలేస్తే చావు.

అప్పుడు విచారణ మొదలవుతుంది. మొదటి ముద్దాయి పెట్రోలు బంకు: నీళ్లు కలిపాడు. రెండో ముద్దాయి ప్రభుత్వం: ఇథనాల్ కలిపింది. మూడోది చలి. (తెనాలిలో. జూన్‌లో.) నాలుగోది ఎదురింటివాళ్ల దిష్టి. "శనివారం దాకా బాగానే ఉందిగా, నిన్న మీరేగా పొద్దస్తమానం దాంట్లో తల పెట్టారు" అని భార్య ఒక్క మాట అంటుంది. ఆ కేసులో ఉన్న ఏకైక సాక్ష్యం అదే. దాన్ని కోర్టు వెంటనే కొట్టేస్తుంది.

ఇథనాల్ సంగతి తీసుకోండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలకూ సీళ్లకూ అది పడకపోవచ్చు, మైలేజీ కొంత తగ్గుతుంది, తేమను పీల్చుకుంటుంది. అన్నీ నిజమే. కానీ అయ్యా, శనివారం కూడా ఆ ట్యాంకులో ఇథనాల్ 20 శాతమే. ఆదివారం పదకొండు గంటలకు మీరు పానా పట్టుకున్నారని తెలిసి అది పగ పట్టలేదు. ఆడలేక మద్దెల ఓడనడం వెనకటి వాళ్ల పద్ధతి. మనం ఒక మెట్టు పైకెక్కి, మద్దెల విప్పి, తోలు తిరగేసి బిగించి, ఆ తర్వాత ఓడంటున్నాం.

నిన్నటిదాకా నడిచిన బండి ఈ రోజు దగ్గుతుంటే, ఈ రెండింటి మధ్య అందులో మారింది ఏమిటో అక్కడ చూడాలి. మెకానిక్కులందరికీ తెలిసిన మొదటి పాఠం ఇది: చివర చెయ్యి పెట్టిన చోట మొదట వెతుకు. ఎయిర్ ఫిల్టర్ మార్చారా? అయితే ఇంజన్ లోపలికి పోవద్దు, ఆ డబ్బా దగ్గరే ఆగండి. దాని నుంచి ఇంజన్‌కు పోయే లావుపాటి గొట్టం బిగింపు సరిగా కూచోకపోయినా, పక్కనున్న సన్నటి వాక్యూమ్ పైపు ఊడిపోయినా, లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. ఎంత గాలి వస్తోందో సెన్సర్ చెబితే దానికి తగ్గ పెట్రోలు చిమ్మేది కంప్యూటరు. దొంగదారిన గాలి వచ్చి పడితే దాని లెక్క తప్పుతుంది. ఐడ్లింగ్ కుదరదు, స్టార్టింగ్‌లోనే వణుకు. చెవి పెట్టి వింటే సుయ్‌మని వినపడుతుంది కూడా. కానీ వినాలంటే ముందు మనం మాట్లాడటం ఆపాలి. అక్కడ వస్తుంది చిక్కు.

ప్లగ్గులు మార్చిన మహానుభావుడికి వేరే దారి. ఆ ప్లగ్గు కొసన ఉండే సందు చాలా పెట్రోలు బండ్లలో 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. చేతిలోంచి ఒకసారి జారి నేల మీద పడితే ఆ సందు మూసుకుపోవచ్చు, తెల్లటి పింగాణీ కంటికి కనపడకుండా చిట్లవచ్చు. కిందపడ్డ ప్లగ్గును తుడిచి, ఉఫ్ అని ఊది పెట్టేస్తాడు మనవాడు. ఆ ఊదడంలో ఏదో మంత్రశక్తి ఉందని మన జాతి నమ్మకం. ఇక బిగింపు. కంపెనీ పుస్తకంలో సుమారు 20, 30 న్యూటన్ మీటర్లని, మోడల్‌ను బట్టి ఇంకా తక్కువని రాసి ఉంటుంది. మనవాడు దాన్ని కొబ్బరికాయ కొట్టే కొలతలో చదువుతాడు. అల్యూమినియం హెడ్డులో మర పోతుంది. మర పోయాక ఆ కథ ఇంట్లో తేలదు, బెజవాడ ఆటోనగర్‌లో తేలుతుంది.

కొత్త బండి అయితే ప్రతి ప్లగ్గు నెత్తినా ఒక కాయిల్ ఉంటుంది, కనెక్టర్ క్లిక్కుమనేదాకా నొక్కాలి. పాత బండి అయితే పొడుగు వైర్లు. నాలుగు సిలిండర్ల బండ్లలో చాలావాటికి నిప్పు పడే వరస 1, 3, 4, 2. మనకు చిన్నప్పుడు బళ్లో నేర్పింది 1, 2, 3, 4. బడిలో నేర్చింది జీవితంలో ఎక్కడా పనికిరాదని ఫిర్యాదు చేసేవాళ్లంతా ఈ ఒక్క చోట మాత్రం దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారు.

థ్రాటిల్ బాడీ కడిగిన శుచిమంతులది మరీ విడ్డూరం. ఏళ్ల తరబడి అక్కడ పేరుకున్న నల్లటి మసికి అలవాటుపడి, కవాటం ఎంత తెరిస్తే సరిపోతుందో కంప్యూటరు నేర్చుకుని ఉంటుంది. మీరు దాన్ని వెండి గిన్నె తోమినట్లు తోమేసరికి అదే తెరుపుకు ఎక్కువ గాలి వస్తుంది. ఇంజన్ ఎగిరి పడుతుంది, పడి లేస్తుంది. కొన్ని బండ్లు నాలుగు రోజులు తిరిగితే వాటంతట అవే మళ్లీ నేర్చుకుంటాయి, కొన్నిటికి స్కానర్ పెట్టి నేర్పాలి. బ్యాటరీ వైరు తీసి పెట్టినా ఇదే తంతు, నేర్చిందంతా పోతుంది. అంటే కడిగిన పని మంచిదే, కాస్త ఓపిక పట్టాలి. మనవాడు పట్టడు. బాగా తోమలేదేమోనని ఇంకోసారి విప్పుతాడు.

మిగిలిన నట్లూ బోల్టుల సంగతి ఎవరూ దిగులుపడక్కర్లేదు. తెనాలి శిల్పులకు వాటితో పని ఉంది. అక్కడి సూర్య శిల్పశాలలో తండ్రీకొడుకులు పాత ఇనుముతో విగ్రహాలు చేస్తారు. సుమారు 75 వేల నట్లతో 10 అడుగుల గాంధీని నిలబెట్టారు, 2021లో 14 అడుగుల ప్రధానమంత్రిని కూడా తుక్కుతోనే చేశారు. పాపం ఆ ఇనుము కోసం హైదరాబాదు, చెన్నై, విశాఖపట్నం దాకా తిరిగారు. ఊళ్లో ఆదివారాలు ఇంత సమృద్ధిగా ఉండగా అంత దూరం ఎందుకు వెళ్లారో నాకు అర్థం కాలేదు.

బాపట్ల మనుషులు ఇంకాస్త పద్ధతైన వాళ్లు. వ్యవసాయ కళాశాల, ఇంజనీరింగ్ కళాశాల ఉన్న ఊరు, దేన్నయినా సభ పెట్టి తేల్చే ఊరు. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది అక్కడే. ఆ అలవాటు ఇంకా పోలేదు. బానెట్ లేపితే చాలు అయిదు నిమిషాల్లో కోరం పూర్తవుతుంది. అధ్యక్షుడు రిటైరైన మాస్టారు, ఉపన్యాసకులు నలుగురు, తీర్మానాలు ఏడు. పంపు పోయిందని ఒకరు, ఇంజెక్టర్లని ఒకరు, "అసలు ఈ మోడలే అంత" అని ఒకరు. బ్యాటరీ మైనస్ వైరు వదులుగా ఊగుతుంటుంది, దాన్ని సభకు ఎవరూ పరిచయం చేయరు.

సూర్యలంక వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి బాపట్లలో బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, ఆకుపచ్చగా పూత పూస్తుంది. దాన్ని వేడినీళ్లతో కడిగి శుభ్రం చేయడం వరకు ఎవరైనా చేయగలరు, చేయాలి కూడా. కానీ కడిగినవాడు పైకి కనిపించే రెండు కొసలే కడుగుతాడు. ఆ మైనస్ వైరు రెండో కొస ఇంజన్‌కూ బాడీకీ తగులుకున్న చోట తుప్పు అట్లాగే ఉంటుంది. నిండుగా ఉన్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపించాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతుంటే బ్యాటరీలో లోపం. బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ ఒంటికీ మధ్య మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు అర వోల్టు దాటితే ఎర్త్ లూజు. ఈ పరీక్షకు రెండు నిమిషాలు, నాలుగు వందల రూపాయల మీటరు చాలు. ఈ పని చేయకుండా ఆరు వేలు పెట్టి కొత్త బ్యాటరీ కొని, దాన్ని అదే తుప్పు వైరుకు తగిలించి, "కొత్త బ్యాటరీలు కూడా పాతవాటిలాగే ఉన్నాయండీ" అనే మాస్టార్లున్నారు.

ఈ మధ్య సభకు ఒక కొత్త సభ్యుడొచ్చాడు. పేరు స్కానర్. స్టీరింగ్ కింద గుచ్చి ఫోనులో చూసుకునే చిన్న డబ్బా. అది పి0300 అని చూపిస్తుంది. అంటే ఏదో ఒక సిలిండర్ అని కాకుండా అక్కడక్కడా మిస్ ఫైర్ అవుతోందని అర్థం. పి0301 అంటే మొదటి సిలిండర్. ఆ డబ్బా నొప్పి ఎక్కడుందో చెబుతుంది, ఎవరు కొట్టారో చెప్పదు. బుద్ధిమంతుడు మొదటి సిలిండర్ కాయిల్ తీసి రెండోదానికి మార్చి చూస్తాడు. కోడ్ కూడా పి0302కు మారితే దోషి కాయిలే. మారకపోతే ప్లగ్గో, ఇంజెక్టరో, కనెక్టరో. పైసా ఖర్చు లేని పని. మన సభ మాత్రం కోడ్ చెరిపేసి, లైటు ఆరిపోయిందని చప్పట్లు కొట్టి, కాఫీ తాగి విడిపోతుంది.

ఆ లైటు ఊరికే వెలగడం కాక మిణుకుమిణుకుమంటుంటే మాత్రం నవ్వులాట కాదు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, అది కరిగి మూసుకుపోతుంది. దాని ధర విన్నాక దగ్గేది కారు కాదు.

రేపల్లె వేరే లోకం. తెనాలి నుంచి వచ్చే రైలు రేపల్లెలో ఆగిపోతుంది, లైను అక్కడికే ఉంది కనక. అక్కడి డీజిలు బండ్లు ఆగిపోవడానికి అంత గట్టి కారణం కూడా అక్కర్లేదు, ఓనరు డీజిలు ఫిల్టర్ మారిస్తే చాలు. ఫిల్టర్ మార్చినప్పుడు లైన్లో గాలి పడుతుంది. ఆ గాలి తీయాలి. హ్యాండ్ పంపు ఉన్న బండి అయితే అది గట్టిపడేదాకా కొట్టాలి, లేని బండి అయితే తాళం ఆన్ చేసి పంపు మోత ఆగేదాకా ఉండి, మళ్లీ ఆఫ్ చేసి, రెండు మూడుసార్లు చేయాలి. ఫిల్టర్ ఓ-రింగు పాతదే పెట్టినా, మెలిపడినా, డీజిలు బయటికి కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. పగలంతా బాగానే తిరుగుతుంది. రాత్రి నిలబెడితే డీజిలు ట్యాంకు వైపు వెనక్కి జారుతుంది, పొద్దున్నే సెల్ఫ్ కొట్టీ కొట్టీ చెయ్యి నొప్పి. నేల మీద మరక లేదు కాబట్టి లీకు లేదని ఓనరు వాదన.

రేపల్లె చెరువు రైతుకు గాలి తీయడం ఒకరు నేర్పేది కాదు. రొయ్యల చెరువు గట్టు మీద, పొలం కాలవ మీద ఆయిలింజన్‌కు అర్ధరాత్రి గాలి తీసి స్టార్ట్ చేసిన చేతులు అవి. ఆ చేతులకు దణ్ణం పెట్టొచ్చు. కాకపోతే ఆ చేతులే ఇప్పుడు ఇంటి ముందున్న కొత్త కారు ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి, "కొట్రా సెల్ఫ్" అని కొడుక్కి కేక వేస్తున్నాయి. అక్కడ ఆయనకు దణ్ణం కాదు, దూరం నుంచి నమస్కారం పెట్టాలి. కామన్ రైల్ డీజిలులో ఆ పైపులో ఒత్తిడి వెయ్యి బార్‌లు దాటుతుంది. ఆ సన్నటి ధార తోలులోంచి మాంసంలోకి దూరుతుంది. పైకి చీమ కుట్టినంత గాటే కనపడుతుంది, లోపల చెయ్యి పోతుంది. వెంటనే ఆపరేషన్ చేయాల్సిన గాయం అది. పెద్దాయనలారా, చెరువు ఇంజన్ మీ మాట వింది గదా అని దీని దగ్గరికి పోకండి.

కోతలయ్యాక పొలం ఎలుకలు బానెట్ కింది వెచ్చదనానికి చేరి వైర్లు కొరకడం ఆ వైపు మామూలే. కొండను తవ్వి ఎలుకను పట్టారన్న సామెతను కూడా రేపల్లెలో తిరగేశారు. ముందే ఎలుకను పట్టేశామనుకుని, ఇంక కొండ జోలికి పోరు. తన చేతిలో తెగిన వైరుకు కూడా ఎలుక పేరే చెబుతారు. ఎలుకకు లాయరు లేడు.

మూడు ఊళ్లలోనూ చివరి అంకం ఒకటే. బండిని తోసుకుంటూనో, తాడు కట్టి లాక్కుంటూనో చెట్టు కింద షెడ్డుకు తెస్తారు. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చి అడిగే మొదటి ప్రశ్న:

"ఏం విప్పారు సార్?"

"నేనా? నేనేం ముట్టుకోలేదయ్యా. ఉన్నట్టుండి ఇట్టా అయింది."

మెకానిక్ బానెట్ లేపుతాడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు నాలుగు క్లిప్పులుండాల్సిన చోట రెండున్నాయి. ప్లగ్గుల కవరు స్క్రూ తల అరిగిపోయి తళతళ మెరుస్తోంది. దుమ్ము మీద అయిదు వేళ్ల ముద్ర. ఇంజన్ పక్కన సందులో పదో నంబరు పానా ఒకటి పడుకుని ఉంది.

"ఈ పానా ఎవరిది సార్?"

"అది... కంపెనీదేమో."

మెకానిక్ ఇంకేం మాట్లాడడు. మాట్లాడకపోవడానికి కూడా లేబర్ చార్జీ ఉంటుంది, అది తర్వాత బిల్లులో తెలుస్తుంది. పావుగంటలో తేలాల్సిన పనికి ఇప్పుడు ఆయన బంకు పెట్రోలు నుంచి మొదలుపెట్టి అన్నీ చూసుకుంటూ రావాలి. ఒక గొట్టం ఊడిపోయిందన్న మాట చెప్పడానికి సిగ్గుపడిన మనిషి, ఒక పూటంతా షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, అవసరం లేని పంపుకూ అవసరం లేని కాయిల్‌కూ డబ్బు కట్టడానికి సిగ్గుపడడు. ఇంజన్‌లో వచ్చే లోపాలకు పుస్తకాల్లో చిట్టా ఉంది, ఓనరు పరువుకు చిట్టా లేదు. స్కానర్ గుచ్చేందుకు ఆయన ఒంటి మీద చోటూ లేదు.

అలాగని రెండోవైపు దేవతలున్నారని కాదు. కారు లోపలికి పోయేలోపే అంచనా కాగితం బయటికి వచ్చే ఏసీ వర్క్‌షాపులున్నాయి. ప్లగ్గులు మార్చి చూద్దాం, కాయిల్ మార్చి చూద్దాం, ఇంజెక్టర్ మార్చి చూద్దామని మన డబ్బుతో చదువుకునే షెడ్డులూ ఉన్నాయి. జనం సొంతంగా పానా పట్టుకున్నది సరదాకే కాదు, ఆ బిల్లులు చూసి కూడా. నిజానికి పట్టుకోవడం తప్పు కానే కాదు. 1983లో వచ్చిన మారుతీ 800ను 2014 దాకా తయారు చేశారు. ఆ కాలమంతా దాని యజమానులు ప్లగ్గు తీసి మసి గీకి పెట్టుకున్నవాళ్లే. కార్బొరేటర్ పోయి కంప్యూటర్ వచ్చినా ఫిల్టర్ ఫిల్టరే, ప్లగ్గు ప్లగ్గే. విప్పేముందు ఫోనులో గురువును చూసిన పాపానికి అదే ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే, ఏ పైపు ఎక్కడిదో రాత్రి దేవుణ్ణి అడగక్కర్లేదు.

ఇవన్నీ చదివాక కూడా వచ్చే ఆదివారం మీరు విప్పుతారు. విప్పండి. సోమవారం పొద్దున బండి దగ్గితే మాత్రం సెల్ఫ్ పది సెకన్లకు మించి పట్టి కొట్టకండి, మధ్యలో ఒక నిమిషం ఆగండి, లేకపోతే స్టార్టర్ మోటారు కాలుతుంది, ప్లగ్గులు తడిసిపోతాయి. బానెట్ లేపి, నిన్న ముట్టుకున్నవన్నీ ముట్టుకున్న వరసలోనే ఒకసారి చేత్తో తడిమి చూడండి. అప్పటికీ కుదరకపోతే మెకానిక్‌ను పిలవండి. ఆయన నోరు తెరిచేలోపే "నిన్న నేనే విప్పానయ్యా, ఇదిగో ఈ బోల్టు మిగిలింది" అని చేతిలో పెట్టండి. ఆ బోల్టు ఎక్కడిదో ఆయనకు తెలుసు.